నిచ్చెన నవ్వు

"ఒకసారి వచ్చి వెళ్ళమ్మా" అన్నారు క్లబ్బు మేనేజరుగారు పొద్దున ఫోన్లో. ఆ ఒక్క ముక్కతో, పొడుగు చూసి జట్టంతా నిచ్చెన అని పిలిచే ఆమెకు సంగతంతా బోధపడిపోయింది, ఎందుకంటే ఆయనకు పనుంటే "రా" అంటారు, తొందరుంటే "వచ్చెయ్" అంటారు, కోపమొస్తే "ఎక్కడ చచ్చావ్" అని కూడా అంటారు, "వచ్చి వెళ్ళు" అని మాత్రం ఈ పదేళ్ళలో ఆయన ఎవరితో అన్నా వాళ్ళు వచ్చారు, వెళ్ళారు, మరి కనపడలేదు. మామూలు మనుషులు పాల ప్యాకెట్ కోసం గడప దాటినా వెళ్తానని అనరు, వెళ్ళొస్తానంటారు, ఈయన ఆ మాటను పట్టుకుని తలకిందులు చేసి వాడుకుంటున్నారు, పైగా తానేదో మెత్తగా మాట్లాడుతున్నానని ఆయన నమ్మకం. సరే, వచ్చింది. మేనేజరు గదిలో పది నిమిషాలు కూర్చుంది, రెండు కాగితాలు పుచ్చుకుంది, ఇప్పుడు డాక్టరమ్మ గది బయట బెంచీ మీద కాళ్ళు బారచాపుకుని కూర్చుంది, ఆ కాళ్ళు వరండాలో సగం దాకా వచ్చి పోయేవాళ్ళకు అడ్డం పడుతున్నాయి, పడనీ. లోపల హాల్లో ఎవరో కొత్తమ్మాయి మడమ మెలిక పడిందట, డాక్టరమ్మ అక్కడికి పరిగెత్తింది, ఎదురుగా గోడ గడియారంలో పదకొండైంది, పన్నెండుకు గానీ రాదని నర్సు చెప్పి వెళ్ళింది. ఒక గంట. గంటలో ఏముంది, గంటలో ఆమె ఎన్ని వాలీబాల్ ఆటలు తిప్పేసింది, రెండు సెట్లు పోయి మూడోదాన్లో వెనకబడి ఉన్నప్పుడు కూడా జుట్టు ముడి బిగించుకుని "పదండే, ఇప్పుడే మొదలైంది" అన్న మనిషి, ఈ బెంచీకి జంకుతుందా.

మొదటి కాగితం ఆమె సంతకం కోసం. దాని నెత్తిన "పరస్పర అంగీకారంతో ఒప్పందం ముగింపు" అని అచ్చుగుద్ది ఉంది, చదివితే నవ్వొచ్చింది, ఇందులో పరస్పరం ఎక్కడుంది, ఒకళ్ళు పొమ్మంటారు రెండోవాళ్ళు పోతారు, అంతేగా, అయినా ఏ క్లబ్బూ తీసేశామని రాయదు, పేపర్లో వేసేటప్పుడు విడుదల చేశామని వేస్తారు, సినిమాను విడుదల చేసినట్టు, ఖైదీని విడుదల చేసినట్టు. మా ఆయన పనిచేసే బస్సు డిపోయే నయం అనుకుంది, అక్కడ బస్సు పనికిరాకపోతే కండెమ్ అని సున్నంతో అద్దం మీద అడ్డంగా రాస్తారు, ఆ బస్సుకు మొహమాటం లేదు, రాసినవాడికీ లేదు, డ్రైవర్లు మాత్రం ఒకసారి పోయి దాని స్టీరింగు పట్టుకుని చూసి వస్తారట. ఇక్కడ అలా కాదు, ఇక్కడ అందరికంటే ముందు గోడలకు తెలుస్తుంది. పెద్దక్క అని పాత కెప్టెన్ ఉండేది, ఒకరోజు ప్రాక్టీసుకు వచ్చి తన బీరువా తెరిస్తే లోపల ఎవరివో చిన్న సైజు బూట్లున్నాయి, తలుపు మీద పేరు చీటీ గీకేసిన జిగురు ఇంకా వేలికి అంటుకుంటోంది, అప్పటికింకా ఆమెతో ఎవరూ ఏమీ చెప్పలేదు, పాపం ఆమె తానే పొరపాటున వేరే బీరువా తీశానేమోనని ఆ బూట్లను మళ్ళీ సర్ది పెట్టి తలుపేసింది. ఇక ఫోటో సంగతి. ఏటా కొత్త జట్టు ఫోటో తీసేటప్పుడు, తీసేయబోయే అమ్మాయిని వరస చివర నిలబెట్టమని ఫోటోగ్రాఫర్‌కు ముందే చెబుతారు, తర్వాత అంచు కత్తిరించేస్తే సరిపోతుంది, మళ్ళీ అందర్నీ పిలిచి నిలబెట్టే పని ఉండదు. ఈ కిటుకు నిచ్చెనకు ఎనిమిదేళ్ళుగా తెలుసు, ఎంతమందిని చివర చూసి లోలోపల అయ్యో అనుకుందో. ఈ ఏడు ఫోటోగ్రాఫర్ వచ్చి "మీరు కాస్త ఈ చివరకు రండి మేడమ్, ఎత్తు కుదరడం లేదు" అంటే, పదేళ్ళూ వెనక వరస నడిమధ్యన స్తంభంలా నిలబడినది, ఎత్తు కుదరడం లేదనే మాటను నిజంగానే నమ్మి, నవ్వుతూ జరిగి నిలబడింది! ఎదుటివాళ్ళ విషయంలో అంత చురుకైన బుర్ర తన దగ్గరికొచ్చేసరికి ఎలా మొద్దుబారిందో. ఆ ఫోటోలో బాగా పడ్డాననే ఇంటికొచ్చి చెప్పింది కూడా.

రెండో కాగితం డాక్టరమ్మది. అసలు తిరకాసంతా దాంట్లోనే ఉంది. ఆటలో దెబ్బ తగిలిన మనిషిని, ఆ దెబ్బ పూర్తిగా మానేదాకా క్లబ్బు వైద్యం చేయించాలి, అప్పటిదాకా తీసేయడానికి వీల్లేదు, ఒప్పందంలో పద్నాలుగో షరతు అది. కాబట్టి వెళ్ళగొట్టే ముందు డాక్టరు ఒళ్ళంతా పరీక్ష చేసి, ఈ మనిషి నిక్షేపంగా ఉంది, రేపు పొద్దున కోర్టులోకి దింపినా ఆడుతుంది అని రాసివ్వాలి. ఆడగలవని రాస్తేనే ఆడక్కర్లేదని పంపడానికి కుదురుతుంది, ఎంత చక్కటి లెక్కో చూడండి. "నీ విషయంలో అదో లాంఛనమమ్మా, పదేళ్ళలో ఒక్కరోజు నొప్పని సెలవడగలేదు నువ్వు, నీ ఫైలంత శుభ్రమైన ఫైలు నేను చూళ్ళేదు" అని మేనేజరుగారు మెచ్చుకున్నారు, మెచ్చుకుంటూనే పెన్ను మూత తీసి ఇచ్చారు, ముందు పరీక్ష కానివ్వండి సార్, సంతకం ఎక్కడికి పోతుంది అని పెన్ను ఆయన జేబులోనే పెట్టి వచ్చింది. ఎందుకలా అందో తనకే తెలీదు. నోరు అనేసింది. ముప్పై మూడేళ్ళొచ్చాయి, పొమ్మంటే పోయేదే, పిల్లలకు నేర్పించుకుంటుంది, బడుల్లో ఆటల టీచర్లకు కరువొచ్చిందేం లేదు గానీ అక్కడా చెయ్యెత్తే బంతి వెయ్యాలిగా, పోవడానికి ఆమెకేం భయం లేదు, పోయేది ఏ భుజంతో అన్నదే ఇప్పుడు ప్రశ్న.

కుడి భుజం. దాని కథ ఆరేళ్ళ కింద మొదలైంది, ఒక ఫైనల్లో, నాలుగో సెట్టు, సెట్టర్ గుండుసూది, కొట్టడానికి ఎత్తిచ్చే బంతిని కాస్త వెనక్కి ఎత్తింది, గుండుసూది అని పేరేగానీ ఆ పిల్ల చేతులు బంగారం, ఆ ఒక్క బంతే తప్పింది, నిచ్చెన గాల్లో వెనక్కి వంగి కొట్టింది, పాయింటొచ్చింది, హాలంతా లేచి అరిచింది, ఆ అరుపులో భుజం లోపల గుడ్డ చిరిగినట్టు పర్రుమన్న చప్పుడు ఆమెకు తప్ప ఎవరికీ వినపడలేదు. ఆ రాత్రి చెబితే సరిపోయేది. చెప్పలేదు. రేపు చెబుదాం అనుకుంది, ఈ టోర్నమెంటు కానీ అనుకుంది, ఆనక పాప పుట్టింది, తిరిగొచ్చాక తనను మళ్ళీ తీసుకోవడమే గొప్ప, ఇంకా నొప్పులు కూడానా అనుకుంది, అలా అలా అబద్ధం పెరిగి పెద్దదై చంకనెక్కి కూర్చుంది. చెయ్యి కిందున్నప్పుడు ఏమీ ఉండదు, పైకి పూర్తిగా ఎత్తేశాక కూడా పెద్దగా ఉండదు, మధ్యలో భుజం ఎత్తుకు వచ్చే ఆ జానెడు దూరమే ప్రాణం తీస్తుంది, ఆ జానెడు దాటించడానికి ఆమె ఒక ఉపాయం కనిపెట్టింది, నవ్వడం. ఏటేటా పరీక్షలో డాక్టరమ్మ "చెయ్యి పైకెత్తు" అనగానే ఒక జోకు మొదలెడుతుంది, "మా అత్తయ్య బజారుకెళ్ళి బూజుకర్ర కొందామనుకుందండీ" అంటుంది, చెయ్యి నడుము దాటుతుంది, "ఖరీదెక్కువని" అంటుంది, పక్కటెముకల దాకా వస్తుంది, "కోడల్ని తెచ్చుకుంది" అనేసరికి సరిగ్గా భుజం ఎత్తుకు వస్తుంది, అక్కడ హాహాహా అని గది దద్దరిల్లేలా నవ్వుతుంది, ఆ నవ్వులో మొహం ఎంత ముడతలు పడినా ఎవరికీ అనుమానం రాదు, కళ్ళలో నీళ్ళొచ్చినా నవ్వి నవ్వి వచ్చాయనుకుంటారు. కోర్టులోనూ అంతే, కొట్టాక నవ్వుతుంది. నిచ్చెన నవ్వు అని జట్టులో దానికి పేరు, అవతలి జట్లు ఆ నవ్వుకు ఒళ్ళు మండిపోయి సర్వీసులు తప్పేవి. గట్టిగా కొట్టలేక మూడేళ్ళుగా బంతిని నెట్టు దగ్గర అడ్డంగా లేచిన బ్లాకు చేతుల మీంచి వేళ్ళతో అలవోకగా అవతల జారవిడవడం మొదలెడితే, ఎంత తెలివైన ఆటండీ, వయసుతో పాటు పదునెక్కింది అని రేడియోలో పొగిడారు. ఆ పొగడ్తలు విని విని ఒక దశలో తనకు నిజంగానే నొప్పి లేదేమో, అదంతా తెలివేనేమో అని నమ్మేసింది, మనిషి తనను తాను మోసం చేసుకోవడం మొదలెడితే ఇంకెవరి సాయమూ అక్కర్లేదు.

గోడ అవతల బంతి మోగుతోంది. ధప్ మన్నది సర్వీసు, టప్ మన్నది వేళ్ళ మీద ఎత్తింది, దాని తర్వాత క్షణం ఖాళీ, ఆ ఖాళీలో ఎవరో గాల్లో ఉన్నారు, ఇప్పుడు, ఫట్. గోడలోంచి వినే చెప్పేయగలదు ఎవరు కొట్టారో. ఇది ఆ కొత్తగా వచ్చిన పిల్ల, ఇరవై ఏళ్ళది, కొడుతుంది గానీ దిగేటప్పుడు రెండు కాళ్ళూ ఒకేసారి ఆన్చదు, ఎన్నిసార్లు చెప్పింది, "ఒంటికాలి మీద దిగకే, మోకాలు నీదేగా, అద్దెకు తెచ్చుకున్నది కాదుగా" అని. "సరే నిచ్చెనక్కా" అనేది, మళ్ళీ అలాగే దిగేది. మడమ మెలికపడింది ఆ పిల్లకేనేమో, కాదులే, ఆ పిల్లే ఇప్పుడు కొట్టింది. పదకొండున్నర. ఇప్పుడు చెబితే? ఆలోచన అక్కడిదాకా వచ్చి ఆగిపోతోంది, భుజం ఎత్తుకొచ్చి చెయ్యి ఆగిపోయినట్టే. ఆరేళ్ళు లేని నొప్పి కాగితం చూడగానే పుట్టుకొచ్చిందా అంటారు. అనరూ? తనైనా అంటుంది. కిందటేడు ఒకామె అలాగే మోకాలు పట్టుకుని కూలబడితే, నాటకం చూడవే అని గుండుసూది చెవిలో ఊదింది తనే కాదూ! నిజం ఇన్నాళ్ళూ బయట పడిగాపులు పడి, తీరా లోపలికి పిలిస్తే అబద్ధంలా కనపడుతోంది. నొప్పి లేదని చెబితే తలెత్తుకుని పోవచ్చు, పదేళ్ళూ దెబ్బ ఎరుగని మనిషని పేరుంటుంది, పాపకు చెప్పుకోవచ్చు, భుజం సంగతి తర్వాత తన ఖర్మ. ఉందని చెబితే వైద్యం అందుతుంది, చెయ్యి దక్కుతుంది, పేరు పోతుంది. పేరు లేకుండా బతకగలదు అనుకుంది, వెంటనే ఛీ, బతకలేను అనుకుంది, ఆ వెంటనే పాపను కుడిచేత్తో ఎత్తుకుని ఎన్నాళ్ళైందో లెక్కపెట్టబోయి, అసలు ఎప్పుడూ ఎత్తుకోలేదని గుర్తొచ్చి ఊరుకుంది. ఆ పిల్లకు ఐదేళ్ళు. ఎడమ భుజం తనదని, కుడి భుజం బంతిదని అనుకుంటూ పెరుగుతోంది.

చెయ్యి చల్లబడితే సలుపుతుంది కాబట్టి ఎడమచేత్తో కుడి భుజం మీద రాసుకుంటోంది, ఈ వరండాలో ఫ్యానొకటి, సరిగ్గా బెంచీ మీదికే పెట్టారు, అలా రాసుకుంటుంటే వేళ్ళకు బొత్తాం తగిలింది, మెడ దగ్గరిది, దాని కింద ఇంకోటి, ఇంకోటి. ముందు బొత్తాల చొక్కా. అత్తయ్య కుట్టింది, అత్తయ్య దర్జీ పని చేస్తుంది, ఇంటి ముందు గదిలో మిషను, రోజంతా కటకటకట, ఇంట్లోవాళ్ళ బట్టలన్నీ ఆమె చేతివే, మొన్న ఇచ్చిన నీలం చొక్కాకూ ముందు బొత్తాలే, అంతకుముందు గళ్ళదానికీ, ఆకుపచ్చదానికీ. ఇదేమిటి. ముందంతా తలమీంచి వేసుకునేవి కుట్టేదిగా, బొత్తాలు కుట్టడం విసుగే తల్లీ, కాజాలు తీయలేను, కళ్ళు పోతున్నాయి అని గొణిగే మనిషి కదా, మరి ఈ కాజాలన్నీ ఎవరు తీశారు, ఎప్పటినుంచి తీస్తున్నారు. జెర్సీ వేసుకునేటప్పుడు ముందు కుడిచెయ్యి దూర్చి, నడుం వంచి, తల కిందికి పెట్టి, ఎవరూ చూడకుండా గోడవైపు తిరిగి ఒక పెద్ద కసరత్తు చేస్తుంది నిచ్చెన, ఇంట్లో మాత్రం ఆ కసరత్తు చేసి ఎన్నాళ్ళైందో గుర్తులేదు, ఎందుకు గుర్తులేదంటే, చేయాల్సిన అవసరం లేకుండా ఎవరో చూసుకున్నారు కాబట్టి. బెంచీ మీద సర్దుకుని కూర్చుంది. కాళ్ళు లోపలికి లాక్కుంది. ఫోన్ తీసి ఇంటికి చేసింది.

అవతల మిషను ఆగింది. "ఏమ్మా, అయిపోయిందా?" అంది అత్తయ్య.

"ఇంకా లేదు, డాక్టరమ్మ పరీక్ష ఉందట. అత్తయ్యా, నా చొక్కాలకు ముందు బొత్తాలెందుకు పెడుతున్నారు?"

అవతల దారం కొరికిన చప్పుడు వినిపించింది. "తలమీంచి వేసుకోవడం నీకు కష్టం కదా" అంది, వంటింట్లో ఉప్పు ఎక్కడుందో చెప్పినంత మామూలుగా.

"ఎవరు చెప్పారు?"

"ఒకరు చెప్పాలా, కొలతలు తీసేది నేనేగా. రెండు భుజాలూ ఒకేలా ఉండేవి, ఇప్పుడు కుడిది వేలెడు దిగింది. నువ్వు చెప్పలేదు, నేనడగలేదు. చెప్పుకోవడం ఇష్టం లేనిదాన్ని అడిగి చిన్నబుచ్చడమెందుకని, బొత్తాలు పెట్టా." ఆ మాట మీదే, "ఇవాళైనా ఆ డాక్టరమ్మకు చెప్పు. పైమూల బూజు రెండేళ్ళుగా అలాగే ఉంది, నా బూజుకర్ర ఏమైందని నేనెవర్ని అడగను" అంది.

నిచ్చెనకు నవ్వొచ్చింది, నిజం నవ్వు, దాంతో పాటు ఏడుపూ వచ్చింది, ఉంటానత్తయ్యా అని పెట్టేసింది. ఇంట్లో ఆ జోకు కూడా తెలుసన్నమాట. మా ఆయనే చేరవేసి ఉంటాడు, కడుపులో మాట దాగదు. తాను ఇంత గొప్పగా నటిస్తున్నానని ఆరేళ్ళు మురిసిపోయింది, అవతల ఒకామె కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని కాజాలు తీస్తూ కూర్చుంది, ఒక్కో కాజా ఎంతసేపు పడుతుందో నిచ్చెనకు తెలుసు, పక్కన కూర్చుని చూసింది, చొక్కాకు ఏడు. బంతి మోత ఆగిపోయింది గోడ అవతల, మంచినీళ్ళ విరామం కాబోలు. నాటకం అంటారా, అనుకోనీ. అన్నవాళ్ళ నోళ్ళు నొప్పెడతాయి గానీ, తన భుజానికి కొత్తగా వచ్చే నొప్పేముంది. ఇన్నాళ్ళూ అవతలి జట్టు ఏమనుకుంటుందో అని ఆడిందా తను? బంతి ఎక్కడ ఖాళీగా ఉంటే అక్కడ వేసింది, అంతేగా. జుట్టు ముడి విప్పి, మళ్ళీ బిగించుకుంది, ఎడమచేత్తోనే, అది కూడా అలవాటైపోయింది.

పన్నెండుకు ఐదు నిమిషాలుందనగా డాక్టరమ్మ వచ్చింది, చేతులకు ఐసు తడి, జేబులో కట్టుగుడ్డ చుట్ట. లోపలికి రమ్మంది. కాగితం చూసింది, చదివి బల్ల మీద బోర్లా పెట్టింది, మోకాళ్ళు వంచింది, మడమలు తిప్పింది, వీపు తట్టింది, అన్నీ బాగున్నాయి, అన్నీ నిజంగానే బాగున్నాయి. అప్పుడు బల్ల అంచుకు ఆనుకుని నిలబడి, "కుడిచెయ్యి పైకెత్తు" అంది.

చెయ్యి లేచింది. అలవాటు కొద్దీ నోరు కూడా తెరుచుకుంది, మా అత్తయ్య, అన్నది నాలుక మీదికి వచ్చేసింది, అక్కడే ఆగింది, ఆ పేరును మళ్ళీ అబద్ధానికి వాడుకోవడం ఆమె వల్ల కాలేదు. చెయ్యి నడుము దాటింది, పక్కటెముకలు దాటింది, భుజం ఎత్తుకు వచ్చింది, అక్కడ ఆగింది. ఆమె దాన్ని ఆగనిచ్చింది. గదిలో నవ్వు లేకపోయేసరికి ట్యూబులైటు గుయ్‌మనడం కూడా వినపడుతోంది. ఆరేళ్ళలో మొదటిసారి ఆ చెయ్యి అక్కడ ఆగడం ఇంకొకళ్ళు చూస్తున్నారు, చూడనీ అనుకుంది.

"నొప్పిగా ఉంది మేడమ్. ఆరేళ్ళైంది. కాగితం చూసి చెబుతోందనుకుంటారు, తెలుసు. అయినా ఉంది."

డాక్టరమ్మ ఆ చేతి కింద తన చెయ్యి పెట్టి, మెల్లగా కిందికి దింపి, బీరువాలోంచి లావుపాటి ఫైలొకటి తీసింది, మేనేజరుగారు మెచ్చుకున్న శుభ్రమైన ఫైలు, ఏడాదికొక పేజీ, చివరి ఆరు పేజీలు ఒకదాని పక్కన ఒకటి తిప్పి చూపించింది. ప్రతి పేజీలోనూ కుడి భుజం అన్న గడిలో డాక్టరమ్మ చిన్న అక్షరాలు, తేదీ వేసి, సంతకం పెట్టి. నొప్పి లేదన్నది, భుజం ఎత్తు దగ్గర నవ్వింది. నొప్పి లేదన్నది, అక్కడే నవ్వింది. మళ్ళీ అక్కడే. అక్కడే. ఆరు పేజీలూ అదే మాట.

"ఒకే జోకుకు ఆరేళ్ళు నవ్వావమ్మా, అదీ ఒకే చోట" అంది డాక్టరమ్మ, ఫైలు వైపే చూస్తూ. "నువ్వు లేదన్నాక ఉందని రాసే అధికారం నాకు లేదు. చూసింది రాశాను. గట్టిగా ఇంకొక్కసారి అడగాల్సింది, అడగలేదు, అది నా తప్పు. ఇది చూశాక నీది నాటకం అనేవాళ్ళెవరో నా దగ్గరికి పంపు." కొత్త పేజీ తిప్పి, కుడి భుజం గడిలో నవ్వలేదు అని రాసి, దాని కింద స్కానుకు చీటీ రాసింది, మేనేజరుగారి పరీక్ష కాగితం మీద ఒక అడ్డగీత గీసి, పద్నాలుగో షరతు అని పక్కన రాసింది.

తలుపు తీసేసరికి మేనేజరుగారు ఎదురుగానే ఉన్నారు, పెన్ను చేతిలో, మూత తీసే ఉంది. నిచ్చెన ఆ కాగితం అందించింది, ఎడమచేత్తో ఇస్తున్నందుకు ఏమనుకోవద్దంది. ఆయన చదివారు, మళ్ళీ చదివారు, పెన్ను మూత పెట్టేశారు. సంతకం లేని మొదటి కాగితాన్ని ఆమె నాలుగు మడతలు పెట్టి, అత్తయ్య కుట్టిన జేబులో వేసుకుంది. భుజం మానాక వీళ్ళు మళ్ళీ వచ్చి వెళ్ళమంటారేమో, అననీ, అప్పటికి చెయ్యి పైకి లేస్తుంది, లేచిన చేత్తో సంతకం పెట్టి పోతుంది, దానికేం.

"వెళ్ళొస్తాను సార్" అంది నిచ్చెన. "సోమవారం స్కానుకు రమ్మన్నారు."